పొయ్యి ఎటు పెడదాం?

లంబసింగి వెళ్దామనుకున్నప్పుడు ఫోన్ చేసి నేను అడిగిన మొదటి ప్రశ్న, మీరూ అడిగేదే: "అటాచ్డ్ బాత్రూమ్ ఉందా?"

అవతల కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "ఇప్పుడైతే లేదన్నా. వచ్చే సీజన్‌కి ఉంటాది. ఈ వారమే కొత్తిల్లు ముగ్గు పోస్తన్నాం" అన్నాడు. బాత్రూమ్ లేకపోయినా ఆ మాట నచ్చింది. సరే వస్తానన్నాను. అలా ఒక ఇంటికి ముగ్గు పోసే రోజు నేను అక్కడ ఉన్నాను. నేను అడిగిన ఆ ఒక్క ప్రశ్నే ఆ ఇంట్లో మూడు రోజుల తగువుకి మూలమని మాత్రం వెళ్లేదాకా తెలీదు.

నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కితే కాసేపటికి రోడ్డు కొండెక్కుతుంది. చెవులు దిబ్బడేస్తాయి, కిటికీలు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి, మఫ్లర్లు బయటికొస్తాయి. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు దరిదాపుల్లో ఉంటుంది. చెరువులవేనం మీద తెల్లారుజామున పాలసముద్రంలా పరుచుకునే మంచు, తాజంగి రిజర్వాయరు, పసుపు దుప్పటి పరిచినట్టుండే వలిసె పూల చేలు, ఇవన్నీ మీ ఫీడ్‌లో ఇప్పటికే చూసేసుంటారు. వాటి జోలికి పోను.

రోడ్డు గురించి మాత్రం ఒక్కమాట. మనం కిటికీలోంచి రీల్స్ తీసుకుంటూ ఎక్కే ఈ ఘాట్ దారి వెనక ఒక రక్తచరిత్ర ఉంది. వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను సరిగా కూలి కూడా ఇవ్వకుండా వాడుకున్నాడు. అటవీ చట్టాలు అప్పటికే పోడు మీద, కలప మీద చెయ్యేశాయి. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక నడిచింది. 1922 ఆగస్టు 22న తుపాకుల కోసం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. ఇళ్ల గురించి రాస్తూ ఇదెందుకంటే, అడవి మీద హక్కు అంటే తేనె, అడ్డాకులు ఒక్కటే కాదు, ఇంటికి దూలం కూడా. దూలం ఎవరిని అడిగి తెచ్చుకోవాలో మారిన రోజే ఇల్లు కూడా మారడం మొదలైంది.

మెయిన్ రోడ్డు దిగి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కాఫీ తోటల్లోంచి అరగంట నడిస్తే వాళ్ల ఊరు. ఊరంటే ఒక వీధే. రెండు వైపులా ఇళ్లు ఎదురెదురుగా, ఒకదాని భుజం మీద ఇంకొకటి చెయ్యేసినట్టు. పెంకులు, రేకులు, మధ్యలో రెండు శ్లాబులు. వీధి ఈ చివర నిలబడితే ఆ చివర ఎవరింట్లో ఏం వండుతున్నారో తెలిసిపోతుంది. ఈ కొండల్లో ఇలాంటి వరుస ఇళ్లు చాలాచోట్ల కనిపిస్తాయి. కోందుల ఊళ్లకైతే ఇది పాత పద్ధతి, రెండు వరుసలు, మధ్యలో వీధి. గదబల పాత ఇళ్లు మళ్లీ వేరు. గుండ్రటి గోడ, దాని మీద శంకువులా గడ్డి కప్పు. ఒకే కొండ, ఒకే వాన, ఒకే చలి. మరి ఇళ్లెందుకు వేరువేరుగా ఉన్నాయి? 1969లో ఆమోస్ రాపొపోర్ట్ అనే ఆర్కిటెక్చర్ పండితుడు 'హౌస్ ఫామ్ అండ్ కల్చర్' అని చిన్న పుస్తకం రాశాడు. ఇంటి ఆకారాన్ని తేల్చేది ఎండా వానా మాత్రమే కాదు, ఆ ఇంట్లోవాళ్లు ఎలా బతకాలనుకుంటున్నారో అదే ముందు అని ఆయన వాదన. ఆర్కిటెక్చర్ చదివే ఫ్రెండ్ ఒకడు చెబితే అప్పట్లో ఆవులించాను. ఈ వీధిలోకొచ్చాక గుర్తొచ్చింది.

మా వాళ్లది (మూడు రోజుల్లోనే 'మా వాళ్లు' అయిపోయారు) కొండదొర కుటుంబం. కుర్రాడికి ఇరవై రెండేళ్లు, నర్సీపట్నంలో డిగ్రీ చదివాడు. వాళ్లమ్మ, నాన్న, నాయనమ్మ. నాయనమ్మని ఊరంతా ముసలమ్మనే పిలుస్తారు. నేను "మామ్మా" అంటే నవ్వి, "ఏ ఊరు బాబు మీది, మరీ మెత్తగా పిలుస్తన్నావు" అంది.

పాతిల్లు చెబుతాను. ముందు అరుగు. మోకాలెత్తు, నున్నగా పేడతో అలికి, అంచులకి ఎర్రమట్టి. అరుగు మీదే సగం జీవితం. కొండచీపుర్లు కట్టేదక్కడే, రాజ్మా చిక్కుడు ఒలిచేదక్కడే, చుట్టాలొస్తే కూచోబెట్టేదీ అక్కడే. ఓ మూల నేలలోనే పాతిన రోలు. గుమ్మం ఎంత పొట్టిదంటే మొదటిరోజు రెండుసార్లు నుదురు కొట్టుకున్నాను. మూడోసారి నుంచి తల దానంతటదే వంగింది. లోపల ముందుగది, దాని వెనక చీకటిగా పొయ్యిగది. కిటికీల్లేవు. గోడ మూరెడు పైనే మందం. మట్టిని తొక్కి, ముద్దలుగా వరస మీద వరస పెట్టి, ఒక వరస ఆరాక ఇంకోటి వేస్తూ లేపిన గోడ. పైన వెదురు అటక, దానికి అడ్డతీగ నార కట్లు. అటక మీద మొక్కజొన్న పొత్తులు, విత్తనం చోళ్లు, రాజ్మా మూటలు.

పొయ్యి సరిగ్గా అటక కింద ఉంటుంది. మొదట అది చోటు చాలక పెట్టారనుకున్నాను. కాదు. పొయ్యి పొగ అటక సందుల్లోంచి పైకెళ్లి విత్తనాన్ని ఎండగా ఉంచుతుంది, పురుగుని రానివ్వదు. తర్వాత పెంకుల సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. దూలాలకి పట్టిన మసి వాటికి చెద పట్టకుండా కాస్తుంది. పొద్దున్నే బయట నిలబడి చూస్తే కప్పు మొత్తం ఆవిరి కక్కుతున్నట్టుంటుంది. వంటిల్లు, గోదాము, హీటరు మూడూ ఒకే నిప్పు మీద నడుస్తున్నాయి. పొయ్యి చుట్టూ రాత్రి పడుకుంటారు కాబట్టి నాలుగోది కూడా కలపండి, పడకగది.

ఆ రాత్రి నేను ముందుగదిలో పడుకున్నాను. డిసెంబరులో ఇక్కడ ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి పడిపోతుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం లెక్కలు రోజూ పేపర్లో వస్తుంటాయి కదా, అదే చలి. రెండు దుప్పట్లు తెచ్చుకున్నా ఒకటే కప్పుకున్నాను. మందపాటి మట్టిగోడ పగటి ఎండని మెల్లగా తాగి రాత్రంతా మెల్లగా వదులుతుంది. సిమెంటు రేకుకి ఆ ఓపిక లేదు. వెనక చిన్నగదికి రేకులున్నాయి. అక్కడ పడుకున్న కుర్రాడి దుప్పటి పొద్దున్నే తడిసి ఉంది. వాన కాదు. రేకు లోపలివైపు చెమ్మ పట్టి, బొట్లు బొట్లుగా రాలింది.

"మరి రేకులెందుకు వేశారు?" అని అడిగాను.

"హుద్‌హుద్" అన్నాడు వాళ్ల నాన్న, అదే సమాధానం అన్నట్టు.

2014 అక్టోబరు 12. విశాఖ బీచ్ రోడ్డు గురించే మనకి గుర్తుంది గానీ, ఆ తుఫాను కొండల మీదా విరుచుకుపడింది. సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. వీళ్ల వెనకగది కప్పు లేచిపోయింది. గడ్డి కోసం వెళ్తే గడ్డి పెరిగే చోటంతా ఇప్పుడు కాఫీ. నాటు పెంకులు చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. ఉన్న పెంకుల్ని కోతులు పీకి పారేస్తున్నాయి. రేకులైతే ఆ పూటే సంతలో దొరికాయి. అంతే కథ. 'వాళ్లు తమ సంప్రదాయ ఇళ్లను వదిలేస్తున్నారు' అని సిటీలో కూచుని బాధపడేవాళ్లం, నాతో సహా, ఒకసారి ఆ ఇంటి పైకెక్కి పెంకులు సర్దాలి.

రెండోరోజు పొద్దున్న మేస్త్రి వచ్చాడు. మైదానం మనిషి, బైకు వెనక సీటు మీద టేపూ, దారపు ఉండా, సున్నం సంచీ. పాతింటి పక్కన ఖాళీ పెరట్లో కొలతలు మొదలుపెట్టాడు. సర్కారు ఇల్లు శాంక్షనయింది, అమ్మ పేరు మీద. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ లెక్క ప్రకారం ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, వంటకి చోటుతో కలిపి. అంటే 270 చదరపు అడుగులు, అటూఇటుగా విశాఖలో ఓ డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ హాలంత. కొండ ప్రాంతాలకి ఇచ్చే సాయం మొదట్నుంచీ మైదానం కంటే పదివేలు ఎక్కువ, 1.20 లక్షలకి బదులు 1.30 లక్షలు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ కింద గదబ, పోర్జ, కోందు లాంటి ఆదిమ తెగల కుటుంబాలకైతే 2 లక్షలు. డబ్బు దఫాలుగా పడుతుంది. పునాది, గోడలు, కప్పు, ఒక్కో దశకి ఫోన్‌లో జియోట్యాగ్ ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేని ఊరికి ఇదెంత తమాషానో ఊహించుకోండి. ఇటుక, ఇసుక, సిమెంటు రోడ్డు దాకా లారీలో వస్తాయి. అక్కణ్నుంచి నెత్తి మీద. ఇంకా లోపలి ఊళ్లకైతే గుర్రాల మీద. ఆ పదివేలు ఏ మూలకి సరిపోతాయో వేరే చెప్పాలా?

మేస్త్రి సున్నంతో గీత గీస్తూ, "వంటిల్లు ఆగ్నేయం" అన్నాడు. వాస్తు.

ముసలమ్మ అరుగు మీంచి కర్రతో చూపించింది. "గాలి అటే కొడతాది. అక్కడ పొయ్యెడితే పొగంతా ఇంట్లోకే. కొండవైపు పెట్టు, లోపలికి."

కుర్రాడు ఇద్దర్నీ ఆపాడు. "ఆగ్నేయం గదిలోంచే లోయ కనిపిస్తాది. అది గెస్టు రూము. దానికే బాత్రూము."

అప్పటిదాకా కాఫీ పళ్లు బస్తాకి ఎత్తుతున్న అమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. "ఎవరికిరా గెస్టు రూము? ఇల్లెవరి పేరు మీదొచ్చింది? చలిలో రాత్రిపూట టార్చి పట్టుకుని బయటికెళ్లేది నేను. ఎలుగుబంటి అరిస్తే వొణికేది నేను. బాత్రూము మాత్రం వారానికోసారొచ్చే ఊరోళ్లకా?"

నేను బూట్ల లేసులు చాలా శ్రద్ధగా కట్టుకున్నాను. ఆ ఊరోణ్ని నేనే కదా.

కుర్రాడి బాధ కూడా అర్థం లేనిది కాదు. సీజన్లో శని, ఆదివారాలు లంబసింగిలో గది దొరకదు. జనం కార్లలో పడుకుంటారు, టెంట్లకి వేలు పోస్తారు. షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి 1/70 చట్టం కింద గిరిజనేతరుల చేతికి ఇక్కడి భూమి బదిలీ కాకూడదు. అంటే టూరిజం డబ్బు న్యాయంగా ఈ ఊళ్లవాళ్లకే రావాలి. కానీ పోయిన నెల సిటీ నుంచి ఒకాయన వచ్చి, అరుగు మీద కూచుని, చోడి అంబలి తాగి మరీ ఒక మాట చెప్పిపోయాడట: "పాతిల్లు తీసేయండి. నాలుగు కాటేజీలు కడతాను. కాగితాల మీద పేరు మీదే, పెట్టుబడి నాది. నెలనెలా మీకింత." ఆ మాట ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. నాన్న ఏమీ అనడు. ముసలమ్మ ఆ సంగతి వస్తే లేచి వెళ్లిపోతుంది. కుర్రాడు నాతో ఏకాంతంగా, "మనమే ఒక గది కట్టుకుంటే ఆ మాట మళ్లీ రాదు గదన్నా. లేపోతే ఏదో రోజు నాన్న సరే అంటాడు. అప్పులున్నాయి" అన్నాడు. అటాచ్డ్ బాత్రూమ్ వెనక ఇంత ఉందని నాకేం తెలుసు.

ఆ పూట ముగ్గు పడలేదు. మేస్త్రి గీసిన గీతల మీంచి కోళ్లు నడిచిపోయాయి.

సాయంత్రం మామ్మ దగ్గర పొయ్యిగదిలో కూచున్నాను. మామూలుగా బయటివాళ్లని ఆ గదిలోకి రానివ్వరట, చలికి వొణుకుతుంటే జాలిపడి పిలిచింది. ఒక మూల చూపించి, "మా పెద్దోళ్లు ఇక్కడుంటారు. కొత్త పంట ఏదొచ్చినా ముందీళ్లకి పెట్టి మేం తింటాం" అంది. కొత్తింట్లో ఆ మూల ఎటొస్తుందో మేస్త్రి ప్లానులో లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. పక్కనే అమ్మ గొట్టంతో పొయ్యి ఊదుతూ దగ్గుతోంది. ఆ దగ్గు నేనొచ్చినప్పట్నుంచీ వింటున్నాను. విత్తనాన్ని కాపాడే పొగ మనిషి ఊపిరితిత్తుల్ని కాపాడదు. మట్టిల్లు గొప్పదని రాసేవాళ్లు ఆ పొగలో ముప్ఫై ఏళ్లు వండినవాళ్లు కారు.

ఇలాంటి తగువు లోకానికి కొత్తేం కాదు. 1940లలో ఈజిప్టులో హసన్ ఫాతీ అనే ఆర్కిటెక్టు లక్సర్ దగ్గర 'న్యూ గుర్నా' అని ఊరికి ఊరే కట్టాడు. పాత సమాధుల మీద కాపురాలుంటున్న జనాన్ని అక్కడికి మార్చాలని సర్కారు ప్లాను. మట్టి ఇటుకలు, అందమైన గుమ్మటాలు. ఇప్పటికీ ఆర్కిటెక్చర్ పిల్లలు దాని ఫొటోలు చూసి మురిసిపోతారు. జనం మాత్రం చాలామంది వెళ్లలేదు. వాళ్ల సంపాదన ఆ సమాధుల దగ్గరే ఉంది. పైగా గుమ్మటం అంటే వాళ్ల లెక్కలో గోరీకి కట్టేది. మంచి మనసుతో, మంచి మట్టితో కట్టినా ఇంట్లోవాళ్లని అడక్కపోతే అంతే. మన దేశంలో లారీ బేకర్ ఇంకో దారి పట్టాడు. ఇంగ్లండ్‌లో పుట్టినాయన, హిమాలయాల్లో పిథోరాగఢ్‌లో ఏళ్ల తరబడి ఉండి, కొండవాళ్ల రాతిళ్లు, మట్టిళ్లు చూసి చదువు మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నానన్నట్టు మారిపోయాడు. తర్వాత కేరళలో తక్కువ ఖర్చులో ఆయన కట్టిన ఇళ్లలో జనం హాయిగా ఉన్నారు.

మనవాళ్ల సంగతే చూడండి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు, గాలికి మూల దొరక్కుండా గుండ్రంగా, చూరు దాదాపు నేలకి తాకేలా. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి, నడిమధ్య వాననీళ్లు. సీమలో వానే తక్కువ కాబట్టి పైన చదునుగా మట్టి మిద్దె. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు కొనే ఇళ్లకి బిల్డర్లే పూజగది, పోపు ఘాటు హాల్లోకి రాకుండా వేరే 'స్పైస్ కిచెన్' కట్టి పెడుతున్నారు. అక్కడా గొడవ పొయ్యి ఎటు పెట్టాలనే. మా నాయనమ్మది చుట్టిల్లే. నాకు ఆరేళ్లప్పుడు తీసేసి డాబా కట్టారు. నాన్న ఆ రోజు స్వీట్లు పంచాడు. డాబా మీద తాటాకు పందిరి వేయించుకుని నాయనమ్మ ఎండాకాలమంతా దానికిందే ఉండేది. ఎవరికి ఏది కావాలో మేం అప్పుడు ఒక్కరం కూడా కూచుని మాట్లాడుకోలేదు.

మూడోరోజు తగువు తేలింది. తేల్చింది అమ్మే, అదీ నా వల్లే.

పొద్దున్న కాఫీ ఇస్తూ (వాళ్ల తోటదే, బెల్లం వేసి) "రాత్రి చలేసిందా బాబూ?" అని అడిగింది.

"లేదప్పా. మీ ఇల్లు భలే వెచ్చగా ఉంది. మా ఫ్లాటు కంటే బాగా నిద్రపట్టింది" అన్నాను, నిజమే కాబట్టి.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "విన్నావా? ఈళ్లకి మట్టిల్లు బావుందంట. మరింకేటి? ఈళ్లని మట్టింట్లోనే పడుకోమను. మనకి శ్లాబు కావాల."

అందరం నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగింది గానీ, మాట అలాగే ఉంది. కుర్రాడు పెరట్లోకెళ్లి పాతింటి ముందుగదిని, కొత్తింటి గీతల్ని మార్చిమార్చి చూశాడు. తర్వాత లెక్కలు చకచకా పడ్డాయి. పాతిల్లు ఉంటుంది. ముందుగది వచ్చేవాళ్లకి. పొయ్యిగది, ఆ మూల, అటక ముసలమ్మవి, ఆవిడ అక్కడే పడుకుంటుంది. కొత్తింట్లో గ్యాసు పొయ్యి, మేస్త్రి మనసు కష్టపెట్టకుండా ఆగ్నేయంలోనే. గ్యాసుకి పొగ రాదు కాబట్టి గాలి ఎటు కొట్టినా ఫర్వాలేదు. శ్లాబు మీద కాఫీ గింజలు, మిరియాలు ఆరబోసుకోవచ్చు. ఇన్నాళ్లూ టార్పాలిన్ మీద ఆరబోస్తే మంచు పడి తడిసేవి, కోళ్లు తొక్కేవి. నిజానికి నాన్న శ్లాబు శ్లాబు అని పట్టుబట్టింది అందుకే. ఆయనకి అది కప్పు కాదు, కళ్లం. శ్లాబెక్కితే ఫోన్ సిగ్నల్ వస్తుందేమోనని కుర్రాడి ఆశ. మెట్లకి డబ్బుల్లేవు, నిచ్చెనతో సరిపెట్టుకోవాలి.

బాత్రూమ్ తలుపు దగ్గర మాత్రం మళ్లీ ఆగారు. లోపలికి పెడితే వచ్చేవాళ్లకి పనికిరాదు. బయటికి పెడితే అమ్మ మళ్లీ చలిలో నడవాలి. రెండు తలుపులు పెడదామంటే ఖర్చు, పైగా "లోపలోడు ఒక గడియే పెట్టుకుంటే?" అని మేస్త్రి అనుమానం. చివరికి నాన్న నోరు విప్పాడు, మూడు రోజుల్లో అదే ఆయన పెద్ద మాట: "రెండిళ్లకీ మధ్యన పంచ దించుదాం. బాత్రూము పంచలోకి. ఎవరైనా పంచలోంచే ఎళ్తారు, తడవరు." మేస్త్రి టేపు లాగాడు, రెండో చివర నేను పట్టుకున్నాను. పాతింటి గుమ్మం నుంచి బాత్రూమ్ తలుపు దాకా ఆరడుగులు.

సున్నం పడింది. ముసలమ్మ లేచొచ్చి గీతల మధ్య నిలబడి, కర్రతో ముందువైపు తట్టింది. "అరుగేది?"

ప్లానులో అరుగు లేదు. 270 అడుగుల్లో అరుగుకి చోటెక్కడిది? మేస్త్రి నెత్తి గోక్కుని, బిల్లుకి అది లెక్కకి రాదన్నాడు. "లెక్కలో లేపోతే రాళ్లు, మట్టీ మావే కదా, మేమే పెట్టుకుంటాం" అంది ముసలమ్మ.

"ఎవరు పెడతారు మామ్మా?" అన్నాడు మనవడు.

"నువ్వే."

ఏప్రిల్లో ఇటుకల పండగలోపు గోడలు లేపేయాలని వాళ్ల ఆలోచన. పండగ మొదలైతే మగవాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు రోడ్డు మీద దారికాచి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు, ఇంక పని ఎవరు చేస్తారు? నేను బస్సెక్కేటప్పుడు, కాటేజీలాయన మళ్లీ ఫోన్ చేశాడని కుర్రాడు చెప్పాడు. ఏమన్నావంటే, "నాన్న ఎత్తలేదన్నా" అన్నాడు. అప్పులు అలాగే ఉన్నాయి.

మొన్న మార్చి చివర్లో వాట్సాప్ వచ్చింది. సిగ్నల్ కోసం చెరువులవేనం వైపు ఎక్కి పంపి ఉంటాడు, రెండు ఫొటోలు, మధ్యలో పదినిమిషాల గ్యాప్. మొదటిది కొత్తింటిది. గోడలు కిటికీ ఎత్తుకి లేచాయి. ముందు అరుగు ఉంది. కొత్తింటి నుంచి పాతింటి దాకా ఒకటే బారుగా పోశాడు, రాళ్లు పేర్చి, మట్టి మెత్తి. దాని మీద ముసలమ్మ కాళ్లు చాపుకుని కూచుంది. కింద రాశాడు: "ఇంకా ఆరలేదన్నా. లేవమంటే లేవట్లేదు."

రెండోది తన రూముకి ఆన్‌లైన్లో పెడదామని తయారుచేసుకున్న పోస్టు, తప్పులుంటే దిద్దమన్నాడు. మట్టిల్లు, వెచ్చగా ఉంటుంది, తల వంచి రావాలి, అంబలి, కాఫీ దొరుకుతాయి. చివరి లైను: "బాత్రూమ్ అటాచ్డ్ కాదు. ఆరడుగులు." ఏమీ దిద్దకుండా తిప్పి పంపాను.